మట్టము కొలుచు బావి, మాలిన్యము పట్టు బావి

నీరు పల్లమెరుగునని తెలుగువారి సామెత. నేలపై పారు నీటికి ఈ మాట నూటికి నూరు పాళ్లు నిజము. నేల లోపల కదలు నీటికి కూడ ఇది నిజమే. కాని ఆ పల్లము కంటికి కనబడదు. పై నేల తూర్పుకు వాలియున్న చోట క్రింది నీరు ఉత్తరమునకు నడవవచ్చును. వర్షకాలమున ఒక దిక్కునకు సాగిన నీరు వేసవిలో వేరొక దిక్కునకు మరలవచ్చును. ఈ కనబడని పల్లమును కనుగొనుటకును, ఆ నీటిలో ఏమి కలిసినదో తెలిసికొనుటకును ప్రధాన సాధనము బావియే.

ఆంధ్రప్రదేశమున పరిశీలన బావులకు కొరత లేదు. ఏటేట వాని సంఖ్య పెరుగుచున్నది. వానిలో పెక్కింటికి నీటిమట్టమును తమంత తామే వ్రాసికొను యంత్రములు కూడ అమరినవి. ఇది మెచ్చుకొనదగిన పని. అయినను బావుల సంఖ్య పెరిగినంత మాత్రమున నేలలోని మాలిన్యమును గురించిన జ్ఞానము పెరిగినదని చెప్పుటకు వీలులేదు. ప్రతి బావియు తాను ఏ ప్రశ్నకై త్రవ్వబడినదో ఆ ప్రశ్నకే సరియైన జవాబు చెప్పును. “నీరెంత లోతున ఉన్నది?” అను ప్రశ్నకై వేసిన బావిని “ఈ నీటిలో విషమున్నదా?” అని అడిగినచో అది మౌనము వహింపదు, ఏదో ఒక అంకె చెప్పును. ఆ అంకెను నమ్ముటలోనే ప్రమాదమున్నది.

ఈ రెండు ప్రశ్నలకును గల భేదమును మన నియమావళులు, పరిశీలనా పద్ధతులు ఎంతవరకు గుర్తించినవో విమర్శించి చూడవలసిన అవసరము కలదు. అందులకు కృష్ణా డెల్టా ముఖద్వారమున నున్న గుణదల తగిన ఉదాహరణము.

గుణదల నేల

విజయవాడ నగరములో భాగమైన గుణదల అనగానే పలువురకు కొండపై నున్న మరియమాత పుణ్యక్షేత్రమును, ప్రతి ఫిబ్రవరి నెలలో జరుగు తిరునాళ్లును గుర్తుకు వచ్చును. భూగర్భజల శాస్త్రజ్ఞునికి మాత్రము అచట ముఖ్యముగా కనబడునవి మూడు: కొండ, కాలువ, ఏరు.

కొండ కఠినశిలతో ఏర్పడినది. తూర్పు కనుమలకు చెందిన ఈ శిలలకు భూవిజ్ఞానులు పూర్వము బెజవాడ నైస్ అని పేరిడియుండిరి. ఇట్టి రాతిలో నీరు పగుళ్లలోను, పైన చివికిన పొరలోను మాత్రమే నిలుచును. కొండ దిగిన వెంటనే ఒండ్రునేల ప్రారంభమగును. కృష్ణానది వేల ఏండ్లుగా తెచ్చి పరచిన ఒండ్రుమట్టి, రేగడి, ఇసుక పొరలు పొరలుగా, అక్కడక్కడ తునకలు తునకలుగా ఉండును. ఒక బోరులో ఇసుక పడినచోట నుండి ఇరువది అడుగుల దూరమున వేసిన మరియొక బోరులో బంకమట్టి పడుట ఈ ప్రాంతపు బోరు పనివారికి వింత కాదు.

గుణదల మీదుగా పోవునది ఏలూరు కాలువ. కృష్ణపై 1852–55 సంవత్సరములలో ఆనకట్ట కట్టినది మొదలు ఈ కాలువల వలన డెల్టా సస్యశ్యామలమైనది. పాత ఆనకట్ట స్థానమును 1957లో ప్రకాశం బ్యారేజి ఆక్రమించినది. కాలువలో నీరు పారుచున్నంత కాలము దాని ఒడ్డుల నుండి నీరు నేలలోనికి ఊరును. చుట్టుప్రక్కల నీటిమట్టము పైకి వచ్చును. వేసవిలో కాలువ కట్టివేసిన పిమ్మట మట్టము దిగును. అంతవరకు కాలువ నుండి నేలకు నడచిన నీరు ఆగిపోవును, కొన్ని చోట్ల నేల నుండి కాలువ గర్భమునకే తిరిగి ఊరవచ్చును. ఉత్తరముగా బుడమేరు కొల్లేటి వైపు సాగును. ఈ ఏరు మామూలు రోజులలో సన్నని ప్రవాహము. పొంగినపుడు దాని రూపమే వేరు.

ఇట్టి చోట నేలక్రింది నీటి దిక్కు స్థిరమైనది కాదు. అది కాలువ తలుపులతో పాటు మారునది. ఈ ఒక్క విషయమును మనస్సున నుంచుకొని నియమములను, పద్ధతులను పరిశీలింపవలెను.

మట్టమునకై ఏర్పడిన వల

దేశములో భూగర్భజల పరిశీలనకు మూలము నీటి కరవు. 1954లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన అన్వేషక గొట్టపుబావుల సంస్థ పేరులోనే దాని ఉద్దేశము ఉన్నది: నీరెక్కడ ఉన్నదో వెదకుట. అదియే 1970లో కేంద్ర భూగర్భజల మండలిగా మారినది. మరుసటి ఏడు, 1971లో, ఆంధ్రప్రదేశమున రాష్ట్ర భూగర్భజల శాఖ ఏర్పడినది. 1995లో ప్రపంచ బ్యాంకు సహాయముతో ప్రారంభమైన హైడ్రాలజీ ప్రాజెక్టు వలన పీజోమీటరులనబడు సన్నని పరిశీలన బావులు అనేకము వేయబడినవి. కేంద్ర మండలి తన బావులలో మట్టమును ఏటా నాలుగు పర్యాయములు కొలుచుచున్నది. రసాయన పరీక్షకై మాత్రము వర్షములకు ముందు ఒక్క మారు నీరు తీయుట చిరకాలముగా ఆచారమైనది.

ఏ మండలములో నీరు తరిగినది, ఏ మండలములో క్రొత్త బోరులకు అనుమతి ఈయరాదు అను విషయములు నిర్ణయించుటకు ఈ వల చక్కగా ఉపకరించును. అందులకు బావుల మధ్య కొన్ని కిలోమీటర్ల దూరమున్నను బాధ లేదు. ఏలన, నీటిమట్టము ఒక విశాల ప్రదేశమున మెల్లమెల్లగా మారునది. నాలుగు కోసుల దూరమున ఉన్న రెండు బావుల మట్టములు తెలిసినచో నడుమనున్న మట్టమును అంచనా వేయవచ్చును.

మాలిన్యము అట్లు వ్యాపింపదు. నేలలో దిగిన చమురుగాని, బ్యాటరీల నుండి కారిన సీసపు ఆమ్లముగాని, చెత్తకుప్ప నుండి ఊరిన నల్లని రసముగాని నీటి నడకను అనుసరించి సన్నని తోకవలె సాగును. ఆ తోక వెడల్పు కొన్ని మీటర్లే కావచ్చును. దానికి పది మీటర్ల ప్రక్కగా వేసిన బావిలో నీరు స్వచ్ఛముగా ఉండును. కిలోమీటర్ల కన్నుల వలలో ఇట్టి చేప పడదు. పడలేదు గనుక చేప లేదనుట తర్కము కాదు.

యాబది మీటర్ల నియమము

మట్టపు బావులతో మాలిన్యమును పట్టలేమని నియమావళులు కొంతవరకు గుర్తించినవి. ఘన వ్యర్థములను గురించి 2000లోను, మరల 2016లోను వెలువడిన కేంద్ర నియమములు చెత్తను పూడ్చు స్థలముల విషయమున రెండు మంచి మాటలు చెప్పినవి. స్థలము ప్రారంభించుటకు ముందే అచటి భూగర్భజల గుణమును పరీక్షించి ఆ లెక్క భద్రపరుపవలెననునది మొదటిది. పిమ్మట స్థలపు సరిహద్దు నుండి 50 మీటర్లలోపల నున్న జలమును వేసవి, వర్షకాలము, వర్షానంతరము అను మూడు ఋతువులలో పరీక్షింపవలెననునది రెండవది. ముందటి లెక్క కోరుట, ఋతుభేదమును గుర్తించుట శాస్త్రీయములే.

కాని 50 మీటర్లు ఏ దిక్కున? ఎంత లోతున? ఎన్ని బావులు? ఈ వాక్యములో వానికి జవాబు లేదు. అమెరికాలో 1976 నాటి చట్టము ననుసరించి 1980లో ఏర్పడిన నియమములు ప్రమాదకర వ్యర్థముల స్థలములకు నీరు వచ్చు దిక్కున కనీసము ఒక బావి, నీరు పోవు దిక్కున కనీసము మూడు బావులు, అదియు వ్యర్థముల అంచునకు చేర్చి ఉండవలెనని శాసించినవి. అచట దూరము కంటె దిక్కునకు ప్రాధాన్యము. ఇచట దిక్కు కంటె దూరమునకు ప్రాధాన్యము.

ఈ భేదము ఎంతటిదో చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఇసుక పొర గుండా నీరు రోజుకు 10 మీటర్ల చొప్పున వడియగల గుణము కలదనుకొందము. నీటిమట్టపు వాలు వేయికి ఒకటి. ఇసుకలోని ఖాళీ నూటికి 25 పాళ్లు. పదిని వేయితో భాగించి, దానిని 0.25తో భాగించినచో వచ్చునది 0.04. అనగా నీరు రోజుకు నాలుగు సెంటీమీటర్లు, ఏడాదికి సుమారు 15 మీటర్లు నడచును. 50 మీటర్లు నడచుటకు మూడేండ్లకు పైగా పట్టును. రేగడిలో ఇంతకు వేయింతలు ఆలస్యము కావచ్చును. కావున 50 మీటర్ల వద్దనున్న బావి మూడేండ్లు “నీరు శుద్ధము” అని చెప్పుచుండును. ఆ మూడేండ్లును మాలిన్యము నేలక్రింద నడచుచునే ఉండును. ఎగువ దిక్కున నున్న బావి అయినచో ఎన్నటికిని శుద్ధమనియే చెప్పును. రెండును నియమమును పాటించినవే.

2025 జూలైలో వెలువడిన కలుషిత స్థలముల నిర్వహణ నియమములు మరియొక ముందడుగు. ఎవరి నేల చెడినది, ఎవరు పరీక్షింపవలెను, ఖర్చు ఎవరు భరింపవలెను అను ప్రశ్నలకు దేశములో ఒక పద్ధతి ఏర్పడినది. జిల్లా అధికారులు అనుమానాస్పద స్థలములను ఆరు నెలలకొక మారు తెలుపవలెను. 90 రోజులలో ప్రాథమిక పరీక్ష, మరి 90 రోజులలో విపులమైన పరీక్ష జరుగవలెను. గడువు లేనిచో కాగితములు కదలవు గనుక ఈ గడువు ఆవశ్యకమే.

అయితే డెల్టాకు 180 రోజులు పూర్తి కాలము కాదు. జూలైలో ప్రారంభమైన పరీక్ష డిసెంబరుతో ముగియును; ఆ ఆరు నెలలును కాలువలు నిండుగా ఉన్న కాలమే. కాలువ కట్టిన పిమ్మట నీరు ఎటు మరలునో ఆ పరీక్షకు తెలియదు. గుణదల వంటి చోట కాలువ పారునపుడు ఒక పర్యాయము, కట్టినపుడు ఒక పర్యాయము చూడనిదే దిక్కు నిశ్చయింపరాదు. గడువు పెంచవలెనని దీని అర్థము కాదు. గడువులోపల తాత్కాలిక నిర్ణయము చేసి, ఒక పూర్తి కాలువ సంవత్సరము గడచిన పిమ్మట దానిని తప్పనిసరిగా మరల సరిచూడవలెనని మాత్రమే. రాజస్థాన్ ఎడారికిని కృష్ణా డెల్టాకును ఒకే పంచాంగము సరిపడదు.

బావి వేయుటలోని మెలకువలు

మాలిన్యము పట్టు బావి చూచుటకు మామూలు బోరు వలెనే ఉండును. భేదమంతయు నేల లోపల. తాగునీటి బోరు వేయువాడు నీరు ఎక్కువ రావలెనని కోరి, నీరున్న పొరలన్నిటి ఎదుట చిల్లుల గొట్టము దింపును. అందువలన పై పొర నీరు, క్రింది పొర నీరు గొట్టములో కలిసిపోవును. పై పొరలో మాలిన్యమున్నను క్రింది పొరల నుండి వచ్చు మంచినీటితో పలుచనై, పరీక్షలో హద్దులోపలనే కనబడవచ్చును. అంతకంటె కీడు మరియొకటి కలదు: అట్టి బోరు పై పొరలోని మురికిని క్రింది పొరలోనికి దింపు నిచ్చెన కాగలదు.

పరిశీలన బావికి చిల్లుల భాగము పొట్టిగా, తెలియగోరిన పొర ఎదుట మాత్రమే ఉండవలెను. ఆ భాగము చుట్టును కడిగిన సన్నని గులకయు ఇసుకయు నింపి, దానిపై నీటిలో ఉబ్బు బెంటోనైటు మట్టితో బిరడా వేయవలెను. ఆపై నేలమట్టము వరకు సిమెంటు పాలు పోయవలెను. పైన కాంక్రీటు దిమ్మె, తాళమున్న మూత ఉండవలెను. బెంటోనైటు బిరడా లేని బావి పైకప్పు లేని ఇల్లు వంటిది. వాననీరు గొట్టము వెంబడి జారి, రోడ్డుపై నున్న మురికిని లోనికి తీసికొనిపోవును. అప్పుడు ఆ బావి చూపునది భూగర్భజల మాలిన్యము కాదు, తన నిర్మాణ దోషము.

ఏ మాలిన్యమును వెదకుచున్నామో ముందు తెలియనిదే చిల్లుల భాగము ఎచట ఉండవలెనో నిర్ణయింపలేము. పెట్రోలు, డీజిలు నీటికంటె తేలిక. అవి నీటిమట్టముపై తేలును. వానికై చిల్లుల గొట్టము నీటిమట్టమునకు కొంత పైన, కొంత క్రింద ఉండవలెను. లోహపు పనులలో జిడ్డు కడుగుటకు వాడు కొన్ని క్లోరిను ద్రావకములు నీటికంటె బరువు; అవి నీటిని చీల్చుకొని అడుగున రేగడి పొరపై చేరును. వానికై బావి అడుగు వరకు పోవలెను. కాలువ వలన మట్టము పైకి క్రిందికి ఆడుచోట, వేసవిలో సరియైన చోటనున్న చిల్లుల భాగము కాలువ పారునప్పటికి పూర్తిగా మునిగిపోవచ్చును. తేలు చమురు అప్పుడు గొట్టము బయటనే నిలిచి, నమూనాలో కనబడక పోవును. గుణదలకు చేరువనున్న ఆటోనగరు వంటి చోట వాహనముల మరమ్మతు, బ్యాటరీలు, రంగులు, నూనెలు అన్నియు ఒకేచోట ఉండును. అచట నేల చెడినదని దీని అర్థము కాదు. చెడినదా లేదా అని తెలిసికొనుటకు ఒకే రకపు బావి చాలదని అర్థము.

దిక్కు తెలియుటకు కనీసము మూడు బావులు, ఒకే వరుసలో కాక త్రిభుజముగా ఉండవలెను. ఇచట పలువురు ఉపేక్షించు విషయమొకటి కలదు. వేయికి ఒకటి వాలులో నూరు మీటర్ల దూరమునకు మట్టపు తేడా పది సెంటీమీటర్లే. గొట్టపు నోటి ఎత్తును కొలుచుటలో పది సెంటీమీటర్ల పొరపాటు జరిగినచో వాలు మాయమగును, లేదా తలక్రిందులగును. కావున బావి నోటి మట్టమును లెవెలింగు పరికరముతో మిల్లీమీటర్ల వరకు కొలువవలెను. లక్షలు ఖర్చుచేసి బావులు వేసి, చేతి ఫోనులో చూపిన ఎత్తును వ్రాసికొనుట కొండంత రాగము తీసి చెడిన పాట పాడినట్లగును.

సీసాలోనికి నీరు

నీరు తీయుటలో కూడ ఇదే న్యాయము. గొట్టములో నిలువయున్న నీరు గాలి తగిలి మారిన నీరు. అది నేలలోని నీరు కాదు. 10 సెంటీమీటర్ల వ్యాసముగల గొట్టములో 6 మీటర్ల నీరున్నచో దాని పరిమాణము సుమారు 47 లీటర్లు. దానికి మూడు రెట్లు, అనగా 140 లీటర్లకు పైగా, తోడి పారబోసి, నీటి ఉష్ణోగ్రత, ఆమ్లగుణము, విద్యుద్వాహకత నిలకడకు వచ్చిన పిమ్మట నమూనా తీయవలెను. లేదా మట్టము తగ్గనంత మెల్లగా చిల్లుల భాగము ఎదుటి నీటినే పంపుతో తీయవలెను. త్రాడుకు కట్టిన సీసా ముంచి తీసిన నీరు ఏ ప్రశ్నకును జవాబు కాదు.

లోహములకై తీసిన నీటిని వడగట్టి నైట్రికామ్లము కలిపి ఉంచవలెను; లేనిచో లోహము సీసా గోడలకు అంటి, పరీక్షలో తక్కువగా తేలును. ఆవిరియగు ద్రావకములకై గాజు సీసాను గాలిబుడగ లేకుండ నింపవలెను. సూక్ష్మజీవులకై క్రిమిరహితమైన సీసా కావలెను. అన్నిటిని మంచులో ఉంచి తీసికొనిపోవలెను. విజయవాడ మే నెల ఎండలో నాలుగు గంటలు జీపులో ఉడికిన సీసా ఎంత గొప్ప ప్రయోగశాలకు పోయినను ఫలము లేదు. పని సక్రమముగా జరిగినదని రుజువు కావలెనన్నచో, శుద్ధజలము నింపిన సీసా ఒకటి, అదే బావి నుండి తీసిన జంట సీసా ఒకటి కూడ పరీక్షకు పంపవలెను. ఈ రెండు సీసాల ఫలితములు లేని నివేదికను చదువరి అనుమానముతో చదువుట న్యాయము.

మట్టి నమూనా: రైతు పద్ధతి, పరిశోధకుని పద్ధతి

మట్టి పరీక్ష తెలుగు రైతుకు క్రొత్త కాదు. 2015లో ప్రారంభమైన భూసార పత్రముల పథకము వలన అది ఇంకను పరిచితమైనది. పొలములో అక్కడక్కడ ఆంగ్ల ‘వి’ ఆకారపు గుంటలు తీసి, ఆ మట్టి నంతటిని కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు పారవేసి, చివరకు అరకిలో మిగిల్చి పంపుదురు. ఎరువు ఎంత వేయవలెనో తెలియుటకు ఇది సరియైన పద్ధతి. ఎరువు పొలమంతటికి సమముగా చల్లవలసినది గనుక రైతునకు కావలసినది సగటు.

ఇదే పద్ధతిని మాలిన్యమునకు వాడుట పెద్ద పొరపాటు. పది చోట్ల మట్టిలో తొమ్మిదింట కిలోకు 20 మిల్లీగ్రాముల సీసము, ఒక చోట 500 మిల్లీగ్రాములు ఉన్నవనుకొందము. కలిపి చూచినచో సగటు 68. ఆ అంకె ఎవరిని భయపెట్టదు. కాని 500 ఉన్న చోటనే పిల్లలు ఆడుకొనవచ్చును. సగటు నేల ఎక్కడను లేదు. అడుగు పెట్టుచోటనే నేల ఉన్నది. కావున మాలిన్యమును వెదకునపుడు ప్రతి చోటి మట్టిని, ప్రతి లోతు మట్టిని విడివిడిగా ఉంచవలెను. పై పదిహేను సెంటీమీటర్లు వేరు, దాని క్రింద మట్టి వేరు. ఒక చోటికిని మరియొక చోటికిని నడుమ ఆగరును కడుగవలెను. జింకు పూత పూసిన పారతో తీసిన మట్టిలో జింకు కనబడినచో ఆశ్చర్యపడ పనిలేదు.

డెల్టా నేలలో మరి రెండు చిక్కులున్నవి. కాలువ పూడిక తీసినపుడు ఆ మట్టి ఒడ్డున పోయుదురు. పల్లపు స్థలములను ఎక్కడనుండియో తెచ్చిన మట్టితో మెరక చేయుదురు. పైన కనబడు మట్టి ఆ ఊరి మట్టి కాకపోవచ్చును. రెండవది, నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చును. బంకమట్టి నీటిని ఆపునన్న నమ్మకము తడిరేగడికే చెల్లును. తొలకరి వాన నెర్రెలలో దిగునపుడు పైనున్న మురికి కూడ వానితోనే దిగును. మరియొక వైపు సీసము వంటి లోహములు బంకమట్టికి గట్టిగా అంటుకొని ఏండ్ల తరబడి కదలవు. అందువలన నీరు శుద్ధముగా ఉన్నంత మాత్రమున మట్టి శుద్ధమని చెప్పరాదు. మట్టిని విడిచి నీటినే పరీక్షించు పద్ధతి సగము పద్ధతి.

వెదకినదే దొరకును

బావి సరిగా ఉండి, నమూనా సరిగా తీసినను, ఏమి వెదకవలెనో తెలియనిచో శ్రమ వృథా. ఇందులకు పటాన్‌చెరు కంటె స్పష్టమైన నిదర్శనము తెలుగునాట లేదు. హైదరాబాదు సమీపమున నున్న ఆ పారిశ్రామిక ప్రాంతపు నీటిని గురించి 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము నడచినది. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు అచటి మట్టిలోని ఆర్సెనిక్, క్రోమియం మొదలగు వానిని గురించి 2001లో పరిశోధన ప్రకటించిరి. అయినను 2007 వరకు లోకమునకు తెలియని విషయమొకటి ఉండెను. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు యోకిం లార్సన్, ఆయన సహచరులు అచటి శుద్ధి కేంద్రము నుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని కనుగొనిరి. ఆ మందు వేసికొన్న రోగి రక్తములో కూడ అంత ఉండదు. 2009లో ప్రకటించిన మరియొక పరిశోధనలో గ్రామముల బావులలో సైతము మందులు బయటపడినవి.

ఆ మందు ఒక్కరోజున పుట్టినది కాదు. అంతకు ముందు పరీక్షించిన వారు అసమర్థులు కారు. క్లోరైడు, నైట్రేటు, ఫ్లోరైడు, కాఠిన్యము అను మామూలు జాబితాలో మందులకు చోటు లేదు, అంతే. 2012 నాటి భారత ప్రమాణము ననుసరించి నైట్రేటు 45 మిల్లీగ్రాములకు లోబడి ఉన్నదని ధ్రువపత్రమిచ్చుట తప్పు కాదు; ఆ పత్రమును చూచి “నీటిలో ఏ దోషము లేదు” అని చదువుట తప్పు. జాబితా అచ్చు పుస్తకము నుండి కాక, ఆ స్థలపు చరిత్ర నుండి పుట్టవలెను. అచట పూర్వము ఏ కర్మాగారముండెను, ఏమి వాడిరి, ఏమి పారబోసిరి, పాత టాంకులు ఎచట పూడ్చిరి అని ఊరివారిని అడిగి తెలిసికొనుట ప్రయోగశాల పనికంటె తక్కువది కాదు.

వరద నేర్పిన పాఠము

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మొదలగు ప్రాంతములను ముంచినది. ఇండ్లలో రోజుల తరబడి నీరు నిలిచినది. మురుగు కాలువలు, సెప్టిక్ టాంకులు, దుకాణములలోని నూనెలు, రసాయనములు అన్నియు ఆ నీటిలో కలిసినవి. మూత సరిగా లేని బోరు, నేలమట్టమున ఉన్న బావి అట్టి సమయమున మురికిని లోనికి మ్రింగు నోళ్లగును. కాంక్రీటు దిమ్మె, తాళపు మూత అనావశ్యకపు ఖర్చులని తలచువారికి ఇది చాలిన సమాధానము.

వరద తీసిన పిమ్మట ప్రజలు అడుగు ప్రశ్న ఒకటే: “మా బోరు నీరు త్రాగవచ్చునా?” క్రిముల విషయమున దీనికి క్లోరినుతోను, వెనువెంటనే చేయు పరీక్షతోను జవాబు చెప్పవచ్చును. కాని నూనెలు, లోహములు నేలలో ఎంత దిగినవో చెప్పవలెనన్నచో వరదకు ముందు ఎంత ఉండెనో తెలియవలెను. ముందటి లెక్క లేనిచో వెనుకటి లెక్కకు అర్థము లేదు. పదునెనిమిది అను అంకె పెరిగినదో తరిగినదో ఎవరు చెప్పగలరు? ఘన వ్యర్థముల నియమములు చెత్త స్థలములకు కోరిన ముందటి లెక్కను, వరద ముంపునకు లోనగు పట్టణ ప్రాంతములన్నిటికిని విస్తరింపజేయుట సమంజసము.

ఖర్చును గురించిన ఆక్షేపణ

ఇవన్నియు ధనిక దేశముల పద్ధతులు, ఇంత ఖర్చు భరింపలేము అని కొందరు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. మందులు, ద్రావకములు పరీక్షించు యంత్రములు ఖరీదైనవి. ప్రతి బావికి ప్రతి ఏడు అన్ని పరీక్షలు చేయుట అసాధ్యము. అయితే పైన చెప్పిన లోపములలో అధికభాగము ధనము లేక కలిగినవి కావు. బెంటోనైటు సంచి ఖరీదు బోరు ఖర్చులో ఏపాటిది? నోటి మట్టమును లెవెలింగుతో కొలుచుట ఒక్కరోజు పని. బోరు వేయునపుడు ఏ లోతున ఏ మట్టి పడినదో ఒక పుస్తకములో వ్రాయుటకు కలము చాలును. కాలువ పారునపుడొక మారు, కట్టినపుడొక మారు నీరు తీయుటకు కావలసినది క్యాలెండరు. తప్పుచోట వేసిన ఇరువది బావుల కంటె సరియైన చోట వేసిన నాలుగు బావులు చౌక; వాని జవాబులు నిజము.

ఒక్క విషయము మాత్రము డబ్బుతో గాక ఇష్టముతో కావలసినది. పరిశీలన బావి ఎచట ఉన్నది, ఏ లోతున చిల్లులున్నవి, ఏ తేదీన ఏమి దొరికినది అను వివరములు ఆ వాడ ప్రజలకు తెలుగులో అందుబాటులో ఉండవలెను. “నీరు ప్రమాణములకు లోబడి ఉన్నది” అను ఒక్క వాక్యము చాలదు. ఏ నీరు, ఏ లోతు నీరు, ఏ నెల నీరు, ఏ పదార్థములకై చూచిన నీరు అని అడుగుటకు గుణదలలో బిందె ఎత్తు ప్రతి గృహిణికిని హక్కున్నది. ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగల బావియే మాలిన్యము పట్టు బావి. చెప్పలేని బావి ఎంత లోతైనను మట్టము కొలుచుటకే ఉపయోగింపవలెను. దాని పేర ఎవరి బిందెకును హామీ ఈయరాదు.